పద్నాలుగు కొలతల వెబ్‌సైటుతో నాచారం, ఉప్పల్ యాత్ర

సైనిక్‌పురిలో బయల్దేరి నాచారం, ఉప్పల్, రామంతాపూర్ చుట్టి, నాలుగో రోజు సాయంత్రానికి ఒంట్లో ప్రాణం, సంచిలో లాప్‌టాప్ రెండూ ఉండగానే ఇల్లు చేరాను. దూరం ఎంతని మాత్రం అడక్కండి. చెబితే మీరు నవ్వుతారు, నాకు ఒళ్లు మండుతుంది. మానససరోవరం వెళ్లొచ్చిన మా పక్కింటి రిటైర్డు కల్నల్ గారు కూడా ఇంత అలిసిపోయి రాలేదు. పాపం ఆయనకి దారిలో మంచూ, చలీ, గాలి ఆడకపోవడమూ మాత్రమే ఎదురయ్యాయి. నాకు నేను తయారుచేసిన వెబ్‌సైటు ఎదురైంది.

నేను వెబ్‌సైట్లకి ముఖం దిద్దేవాణ్ణి. ఏ బొమ్మ ఎక్కడుండాలి, ఏ బటన్ ఏ రంగులో ఉండాలి, ఏది నొక్కితే ఏది తెరుచుకోవాలి, ఇదీ నా వృత్తి. బ్యాంకుల వాళ్లకి చేశాను, బిస్కెట్ల వాళ్లకి చేశాను. జనం వాటిని ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూసే దౌర్భాగ్యం ఇన్నేళ్లలో ఒక్కసారీ కలగలేదు. మా మరదలి పుణ్యమా అని అదీ తీరింది.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు సుజాత. నాచారంలో మగ్గం పని జాకెట్లు కుట్టిస్తుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని మీద జరీ, పూసలు, చమ్కీలు కుట్టే పని. పెళ్లికి వెళ్తే మీరు పెళ్లికూతురి కంటే ముందు చూసేది ఆ జాకెట్టునే. మెయిన్ రోడ్డు మీదున్న సుజాత దుకాణం రోడ్డు వెడల్పులో సగం పోయింది. మిగిలిన సగం ఖాళీ చేసి వెనక సందులో రెండో అంతస్తుకి మారింది. దుకాణం కనపడకపోతేనేం, వెబ్‌సైటు కనపడుతుంది, నేను లేనూ అని రొమ్ము విరుచుకున్న బావని నేనే. నెల తిరిగింది. తిరునాళ్లకి వచ్చినట్టు జనం వెబ్‌సైటుకి వస్తున్నారు, చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. ఆర్డరన్నది ఒక్కటి లేదు.

సుజాత ఫోన్ చేసింది. నాలుగు జతల బట్టలు సర్దుకుని రమ్మంది.

మల్లాపూర్ మీదుగా నాచారం

మా ఆవిడ నా చేత ఒక దుప్పటి, మందుల డబ్బా, గొడుగు, కిలో కారప్పూస మోయించింది. ఆటోవాడు సామాను చూసి రైలు స్టేషనుకా అన్నాడు. నాచారం అంటే జాలిగా చూశాడు. మల్లాపూర్ దగ్గర ఒక లారీ అడ్డం తిరిగి ఆలోచనలో పడింది. దాని వెనక మేమంతా ఒక తరం గడిపాం. నేను ఎక్కినప్పుడు నల్లగా ఉన్న డ్రైవరు మీసం దిగేటప్పటికి నెరిసింది. దుమ్మువల్ల కావచ్చు, నేను వాదించను.

నాచారంలో దిక్కులు తెలుసుకోవడానికి సూర్యుడు అక్కర్లేదు, ముక్కు చాలు. ఒక సందు రబ్బరు, ఒక సందు మసాలా పొడి, ఒక సందు తలనొప్పి. మా సైనిక్‌పురి సందుల్లో వేపచెట్ల వాసన తప్ప వేరేది వస్తే కాలనీ సంఘం వాళ్లు మీటింగు పెడతారు. ఇక్కడ చాయ్ పదిహేను రూపాయలు. గ్లాసు మా ఇంట్లో దగ్గు మందు పోసుకునేంత. కానీ ఆ గుక్కెడు చాయ్‌కి నాలో చచ్చిపోయినవన్నీ లేచి కూర్చున్నాయని ఒప్పుకోవాలి.

సుజాత దుకాణంలో నాలుగు మగ్గాలున్నాయి. మూడు ఖాళీ. నాలుగోదాని మీద యాదమ్మ ఒక్కతే ఏదో పాత గుడ్డ ముక్క మీద నెమలి కుడుతోంది. యాదమ్మది జనగామ వైపు పల్లె. ఆవిడ పనితనం చూసే పెళ్లివాళ్లు సుజాతని వెతుక్కుంటూ వస్తారు. నేను వెళ్లీ వెళ్లగానే లాప్‌టాప్ తెరిచి వెబ్‌సైటు చూపించాను. నల్లటి తెర మీద బంగారు సూది ఒకటి ఆకాశంలోంచి దిగుతుంది, దారం ఎక్కుతుంది, మెలికలు తిరుగుతూ దుకాణం పేరు కుడుతుంది. ఆ సూది మెరుపు కోసం నేను వారం రోజులు తిండి మానేశాను.

యాదమ్మ చివరిదాకా చూసింది. "సూది మస్తుగున్నది సార్. మా సూదులు గిట్ల మెరువయ్," అంది. అని, అదే గొంతుతో, తను సోమవారం నుంచి రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీకి పోతున్నట్టు చెప్పింది. గేటు దగ్గర పేరు ఇచ్చి వచ్చిందట. ఇక్కడ కూర్చుని ఉత్త గుడ్డ మీద నెమళ్లు కుట్టుకుంటుంటే మనసొప్పుతలేదట.

 భోజనాల దగ్గర సుజాత నా ముందు గోంగూర గిన్నె పెట్టి, "యాదమ్మ పోతే నేను ఈ మెట్లెక్కి తాళం తియ్యడం దేనికి బావగారూ? మామూలు కుట్టు అయితే ప్రతి సందులో ఉంది," అంది. పక్కన నా తోడల్లుడు రమణ, అంటే సుజాత భర్త, తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. కలిపిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు. అదివరకు ఈ యాత్ర నాకు వేళాకోళంగా ఉంది. ఆ ముద్ద దగ్గర కొంచెం తగ్గింది.

సోమవారం లోపు మనకి పని రావాలి, అదీ లెక్క. సుజాత రెండు పాత ఖాతాదార్ల ఇళ్లు చెప్పింది, ఒకటి ఉప్పల్లో, ఒకటి రామంతాపూర్లో. వాళ్ల పక్కన కూర్చుని వాళ్లు ఆర్డరు ఎలా పెడతారో చూడమంది. ఒక్కటే షరతు. నేను నోరు విప్పకూడదు. ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అనకూడదు. వెబ్‌సైటుకొచ్చిన ప్రతి ఖాతాదారు వెనకా నేను నిలబడి చెప్పలేను కదా అని ఆవిడ న్యాయం. యాభై ఏళ్లుగా నిద్రలో కూడా మాట్లాడుతున్నవాణ్ణి. మౌనవ్రతంతో ఉప్పల్ బయల్దేరాను.

షేర్ ఆటోలో ఉప్పల్

షేర్ ఆటోలో ముగ్గురు పట్టే చోట ఐదుగురం పట్టాం. ఎవరి మోకాలు ఎవరిదో తేల్చుకోవాలంటే దిగాల్సిందే. వ్రతం ఖాతాదార్ల ఇళ్లలోనే కదా అని దారిలో డ్రైవరుకి వెబ్‌సైటు చూపించాను. సిగ్నలు దగ్గర ఫోను అందుకుని సూది దిగడం చూశాడు. బాగుందన్నాడు. పాటలు కూడా వస్తయా అని అడిగాడు. రావని చెప్తే ఫోను తిరిగిచ్చేసి మళ్లీ నా వైపు చూడలేదు.

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర దిగాను. అక్కడ తల మీద మెట్రో, మెట్రో కింద నడిచేవాళ్ల ఆకాశ వంతెన, దాని కింద రోడ్డు, రోడ్డు మీద వరంగల్ బస్సు కోసం పరిగెత్తే జనం. బొప్పాయి ముక్కలు ఇరవై రూపాయలు, మొక్కజొన్న కంకి ముప్పై. ఆకాశ వంతెన మీద బాణం గుర్తులున్నాయి, నా వృత్తివాళ్లే ఎవరో పెట్టి ఉంటారు. ఒక బాణాన్ని నమ్మి నడిచాను. ఎక్కిన చోటే దిగాను. అక్కడే కంకులమ్మే ఆవిడ, "గా బోర్డులు చూడొద్దు సార్, జనం ఎటు పోతే గటు పో," అంది. ఆ మాట వృత్తిపరంగా నాకు నచ్చలేదు. కానీ జనం వెంట పోతే సరిగ్గా నేను వెళ్లాల్సిన చిల్కానగర్ వైపే తేలాను.

పద్మ వాళ్ల ముందుగది

సుజాత చెప్పిన ఉప్పల్ ఖాతాదారు పద్మ. ఆవిడ అన్నగారు ఘట్‌కేసర్లో ఉంటారు. ఆయన కూతురు పెళ్లి. ఇంటిల్లిపాదికీ మగ్గం జాకెట్లు కావాలి. ఇంతకంటే గట్టి ఖాతాదారు ఎక్కడ దొరుకుతుంది? నేను ఆవిడ ఒక్కతే ఫోను పట్టుకుని కూర్చుంటుందని ఊహించాను. మా వృత్తిలో అందరం అలాగే ఊహిస్తాం. ఒక మనిషి, ఒక ఫోను, ఏకాంతం. ఉప్పల్లో ఏకాంతం అనేది ఎవరికీ ఇంకా అలవాటు కాలేదు. పద్మ, పద్మ అత్తగారు, తోడికోడలు, ఎదురింటి సరిత, నలుగురూ ఒకే ఫోను మీద వంగారు. నాలుగు తలలు తప్ప నాకేమీ కనపడలేదు.

సూది దిగింది. అందరూ మెచ్చుకున్నారు. సరిత కాస్త ఆలస్యంగా వంగిందట, మళ్లీ చూపించమంది. మూసి తెరిచారు. అత్తగారు కళ్లద్దాలు తెచ్చుకుంది, ఇంకోసారి. ఆ పూట నా సూది ఆకాశంలోంచి దిగీ దిగీ దానికే ఆయాసం వచ్చుంటుంది. ఈలోగా నాకు వేడి వేడి సర్వపిండి పెట్టారు. మా వైపు తపాల చెక్కకి ఇది స్వయానా అక్క. మావాళ్లు శనగపప్పు వేసి ఊరుకుంటారు, వీళ్లు నువ్వులు, పల్లీలు కూడా వేస్తారు. నోట్లో అది ఉండబట్టి గానీ, లేకపోతే వ్రతం అక్కడే భంగమయ్యేది.

ఎట్టకేలకి కొలతల పేజీ వచ్చింది. అది నా వృత్తి జీవితానికే గోపురం. గిర్రున తిరిగే ఆడబొమ్మ ఒకటి, పక్కన పద్నాలుగు గళ్లు. భుజం, చంక, చేతి పొడవు, ముందు మెడ, వెనక మెడ, అలా. ఏ గడి ముట్టుకుంటే బొమ్మ ఒంటి మీద ఆ చోట గులాబీ రంగు దీపం వెలుగుతుంది.  భుజం ఎంతుంటదే అని పద్మ అడిగింది. నాకేం తెలుసు అంది తోడికోడలు. టేపు లేదు. అత్తగారు జానతో కొలిచింది. జానకి ఎన్ని అంగుళాలో తేలలేదు. మొత్తానికి తోచినవి వేశారు. ఆ లెక్కన కుడితే పద్మకి ఒక చెయ్యి మోకాలి దాకా వస్తుంది.

నొక్కే ముందు పద్మ సరిత ఫోనుతో పేజీని ఫొటో తీసి ఘట్‌కేసర్‌లో ఉన్న అన్నకి వాట్సాప్‌లో పంపింది. సరిగ్గా ఉందో లేదో ఆయన చెప్పాలట. నలుగురూ జవాబు కోసం ఆగారు. నేను మాత్రం తెర మూలన ఉన్న చిన్న గడియారాన్ని చూస్తున్నాను. భద్రత కోసం పెట్టింది. రెండు నిమిషాలు ఎవరూ ముట్టకపోతే పేజీ చెరిగిపోతుంది. అన్నగారు బొటనవేలి బొమ్మ పంపారు. అదే క్షణంలో పేజీ తెల్లగా అయిపోయింది.

నేను సర్వపిండి పళ్లెం అంచు కొరికాను.

పాపం మళ్లీ నింపారు. ఈసారి చివరిదాకా వచ్చారు. అక్కడ నేను ముచ్చటపడి పెట్టుకున్న ఎర్ర పెట్టె తెరుచుకుని అడిగింది, మీరు ఖచ్చితంగా నిర్ణయించుకున్నారా అని. పద్మ వేలు గాలిలో ఆగిపోయింది. అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"అంత పెద్ద కంప్యూటరే మనల్ని మల్ల అడుగుతున్నదంటే ఏదో తేడా ఉన్నదే పద్మా. వద్దను," అంది.

పద్మ వద్దంది. మొత్తం చెరిగిపోయింది.

నా బీపీ ఉప్పల్ మెట్రో ఎక్కి, చివరి స్టేషనుదాకా పోయి, అక్కడ చలాన్ కట్టింది. అయినా నోరు విప్పలేదు. అప్పుడు పద్మ లేచి లోపలికెళ్లింది. ఒక పాత జాకెట్టు మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేతిలో పెట్టింది.

"అన్నా, గిది సుజాతక్కకు ఇయ్యి. గిట్లనే కుట్టమను. చేతులు మాత్రం జర వదులు."

ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు. ఆది జాకెట్టు అంటారు. దర్జీ దానికి టేపు పెట్టి కొలతలు తనే తీసుకుంటాడు. దేశంలో ప్రతి ఇంటి అల్మరాలోనూ ఒకటుంటుంది. పద్నాలుగు గళ్లు, తిరిగే బొమ్మ, గులాబీ దీపాలు, అన్నీ ఆ కవర్లో మడత పెట్టి ఉన్నాయి. పద్మది చూసి అత్తగారూ, తోడికోడలూ, సరితా తలొకటి తెచ్చారు. పూట పట్టిన పని, చాయ్ చల్లారేలోపు అయిపోయింది.

రామంతాపూర్ వెళ్తూ, వెళ్లాక

రాత్రి నేను నాచారం చేరేసరికి సుజాత పడుకుంది, మర్నాడు కూడా ఆ నాలుగు జాకెట్లూ నా లాప్‌టాప్ సంచిలోనే ఉన్నాయి. చిల్లర కోసం షేర్ ఆటోలో సంచి తెరిచాను. ఆటో గుంతలో పడింది. పద్మ అత్తగారి ముదురాకుపచ్చ జాకెట్టు ఎగిరి పక్కనున్న పెద్దమనిషి ఒళ్లో వాలింది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నా సంచిలో ఉన్న మిగతా వాటిని చూశాడు. నేను కంప్యూటర్ డిజైనర్నని చెప్పాను. ఆయన తర్వాతి మలుపులోనే దిగిపోయాడు. ఆయన దిగాల్సింది అక్కడ కాదని నాకు గట్టి నమ్మకం.

రామంతాపూర్లో చెరువుకి కాస్త ఇవతల, విడి ఇళ్ల సందులో ఒక రైల్వే రిటైర్డు దంపతులున్నారు. వాళ్లది రాజమండ్రి వైపు. భర్త ప్రకాశరావుగారు సిగ్నళ్ల శాఖలో పనిచేశారు. ఆ ఇంట్లో చెంచాలు కూడా వరసలో నిలబడి ఉంటాయి. నా పద్నాలుగు గళ్లు చూసి ఆయన కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి పద్ధతైన పని చూశానని నా భుజం తట్టారు. మనసులో ఆయన కాళ్లకి నమస్కారం చేశాను. ఆయన లోపలికెళ్లి ఇనుప టేపు తెచ్చారు. స్ప్రింగు టేపు, వదిలితే టపీమని చుట్టుకుంటుంది.

భార్య కామేశ్వరమ్మగారు ఆ టేపుని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. తరవాత కుర్చీ జరుపుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఈ అంకెలన్నీ రాసి పంపిస్తే చదివేదెవరు బాబూ? మీరేనా?" అని అడిగింది.

సూటిగా అడిగింది. వ్రతం పక్కన పెట్టి, నేను కాదండీ, కంప్యూటరు అన్నాను. కంప్యూటర్లోంచి చూసేది ఎవరంది. ప్రకాశరావుగారు టేపు జేబులో పెట్టుకున్నారు. ఆవిడ పెరుగావడ పెట్టింది, మర్యాదకేం లోటు లేదు. కానీ తన భుజమెంతో, మెడెంతో ఎవరో మగవాడు కట్టిన పెట్టెలో వేసి పంపడం తన వల్ల కాదంది. సుజాత అయితే వేరు, సుజాత ఆడపిల్ల. వెళ్లేటప్పుడు కాగితం సంచిలో చుట్టి తన ఆది జాకెట్టు ఇచ్చింది. సంచి నోరు పిన్నులతో మూసింది, నేను చూడకుండా.

వెబ్‌సైటు చాలా బాగుందని మాత్రం ఇద్దరూ చెప్పారు. ఈ యాత్రలో నేను కలిసిన ప్రతివాళ్లూ బాగుందనే చెప్పారు. అదే నాకు కాలినచోట కారం చల్లినట్టుంది. ఎవడైనా ఒక్కడు తిట్టినా సుఖంగా ఉండేది.

తిరిగి నాచారం

ఐదు జాకెట్లూ సుజాత ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు, అదే నయం. ఇరవై ఐదేళ్లు సంసారం చేసి ఆది జాకెట్టు సంగతి తెలియకుండా ఎలా ఉన్నారు బావగారూ అని మాత్రం అడిగింది. మా ఆవిడ దర్జీ దగ్గరకి వెళ్లేటప్పుడు నేను బండి మీద బయట కూర్చుని ఫోను చూసుకుంటానని చెప్పాను. చెప్తుండగానే నా వృత్తి మొత్తం అలాగే నడిచిందేమోనని ఒక అనుమానం వచ్చింది. తోసేశాను.

యాదమ్మ జాకెట్లని వేళ్లతో తడిమి చూసింది. "ఐదు జాకెట్లు మంచిగనే ఉన్నయ్. వారం పని. వారమైనంక?" అంది.  సోమవారం మాట అలాగే ఉంది.

శనివారం పొద్దున దుకాణంలోనే చాప వేసుకుని కూర్చుని కూల్చడం మొదలెట్టాను. ముందు సూది పోయింది. తరవాత తిరిగే ఆడబొమ్మ. దాని ఒక్కో దీపం ఆర్పుతుంటే ఇంట్లో ఎవరో పోయినట్టనిపించింది. రమణ ఓదార్పుగా మిర్చిబజ్జీలు తెచ్చాడు, నాలుగు నలభై రూపాయలు. పద్నాలుగు గళ్లు పోయాయి. గడియారం పోయింది. ఎర్ర పెట్టెని పీకేటప్పుడు మాత్రం సుజాతే నొక్కుతానంది. మిగిలిందేమిటంటే, యాదమ్మ కుట్టిన జాకెట్ల ఫొటోలు, కింద పెద్ద అక్షరాలతో, ఖాతాదార్లే సుజాతతో అంటున్నట్టు, ఒకే ఒక్క బటన్. "ఆది జాకెట్టు ఇస్తాం, ఇంటికి రండి." నొక్కితే పేరు, ఫోన్ నంబరు, ఇంటి గుర్తు. అంతే. ఫోన్లో సుజాత మాట్లాడుతుంది, స్కూటరు మీద రమణ వెళ్లి తెస్తాడు. మా వృత్తిలో చేరిన మొదటి వారం కుర్రాడు కూడా ఇలాంటిది చేసి నాకు చూపించే ధైర్యం చెయ్యడు.

మధ్యాహ్నానికి సుజాత పాత ఖాతాదార్లందరికీ కొత్త పేజీ పంపింది. సాయంత్రం నేను బయల్దేరేదాకా ఫోను మోగలేదు. యాదమ్మ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, పోయొస్త అక్కా అని మెట్లు దిగింది. అది రోజూ చెప్పే మాటో, ఆఖరిసారి చెప్పిన మాటో సుజాతకీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

సైనిక్‌పురి

ఆదివారం సుజాత ఫోను ఎత్తలేదు. రమణ కూడా ఎత్తలేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసి నా వైపు చూడటం మొదలెట్టింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫ్యాక్టరీ గేటు తెరిచి ఉంటుంది, యాదమ్మ లోపలికి నడిచి ఉంటుంది, నాలుగో మగ్గం కూడా ఖాళీ అయి ఉంటుంది. నేను ఇడ్లీ వద్దన్నాను. ఇడ్లీ వద్దన్నానంటే పరిస్థితి మీరే ఊహించుకోండి.

మధ్యాహ్నం సుజాతే ఫోన్ చేసింది. వెనక ఏదో గోలగా ఉంది. రమణ తన ఉద్యోగానికి సెలవు పెట్టి నిన్నటి నుంచి స్కూటరు దిగలేదట. పద్మ ఆ పేజీని ఘట్‌కేసర్ పెళ్లివాళ్ల వాట్సాప్ గుంపులో పెట్టిందట. రెండో మగ్గానికీ, మూడో మగ్గానికీ యాదమ్మే తన ఊరివాళ్లని ఇద్దర్ని పిలుచుకొచ్చిందట. నేను ఊపిరి పీల్చుకుని, పేజీకి రంగులు ఏమైనా మారుద్దామా, చిన్న సూది ఒకటి మూలన పెడదామా అని మెల్లగా మొదలెట్టాను.

అటువైపు నుంచి యాదమ్మ గొంతు వినపడింది. ఎక్కడో మగ్గం దగ్గర్నించే అంటోంది.

"గా బటన్ తీసేయమను అక్కా. పండుకునేతందుకు కూడా టైం లేదు. తియ్యకుంటే నేను రేపే ఫ్యాక్టరీకి పోత."

"విన్నారుగా బావగారూ," అంది సుజాత. "పది రోజులు ఆర్డర్లు వద్దని పెట్టండి. అందంగా అక్కర్లేదు. అర్థమైతే చాలు."

లాప్‌టాప్ తెరిచి, పది రోజులు ఆగండి అని టైపు చేశాను. చేసేలోపు ఇంకో ముగ్గురు నొక్కారు.